నర్సరీ, ఎల్‌కేజీ పిల్లలకి మన కాలాల ఆటలు: బెజవాడ, గుంటూరు ఎండావానలకి తగ్గట్టు ఏం పెట్టాలి?

బెంజిసర్కిల్_నర్సరీ
నమస్తే అందరికీ. జూన్‌లో బడి తెరిచేసరికి నర్సరీలో 18 మంది, ఎల్‌కేజీలో 22 మంది ఉంటారు. గదికి ఒక టీచరు, ఇద్దరికీ కలిపి ఒక ఆయా. ఏడాది ప్లాన్ రాయాలి. నెట్‌లో దొరికే చార్టుల్లో డిసెంబరు అంటే దూదితో మంచుమనిషి, అక్టోబరు అంటే ఎర్రగా రాలిన ఆకులు. మన పిల్లలకి ఆ మంచు ఫ్రిజ్‌లో తప్ప ఎక్కడ కనపడుతుంది? ఇక్కడి కాలాలకి ఏ నెలలో ఏ వస్తువు పెడితే బాగుంటుంది, రోజువారీ పద్ధతిలో దాన్ని ఎక్కడ ఇరికించాలి, ఎక్కడ తేడా కొడుతుంది, కాస్త వివరంగా చెప్పండి.

పటమట_ప్లేస్కూల్
ముందు రోజువారీ పద్ధతి ఖాయం చేసుకోండి మేడమ్. కాలం మారితే వస్తువు మారాలి గానీ వరస మారకూడదు. మూడేళ్ళ పిల్లలకి గడియారం తెలీదు, "దీని తర్వాత అది" అన్నదే వాళ్ళ టైమ్‌టేబుల్. 9 నుంచి 9:20 దాకా రాగానే ఆడుకునే ట్రేలు, 9:20కి గుండ్రంగా కూర్చోవడం, 9:35కి ఆ వారం వస్తువుతో పని, 10:15కి చేతులు కడుక్కుని టిఫిను, 10:45కి బయట, 11:15కి కథ, ఆపైన విడి ఆటలు. గుండ్రంగా కూర్చోబెట్టడం నర్సరీకి 10 నిమిషాలు దాటొద్దు. పన్నెండో నిమిషానికి ఒకడు పక్కవాడి చొక్కా లాగుతాడు, ఇక అయిపోయినట్టే.

వారానికి ఒకటే వస్తువు. సోమవారం ఊరికే ముట్టుకోనివ్వండి, మంగళ బుధవారాల్లో దానితో ఏదైనా చేయించండి, గురువారం లెక్కకో జత చేయడానికో వాడండి, శుక్రవారం మళ్ళీ వాళ్ళిష్టం. రోజుకో కొత్త క్రాఫ్ట్ పెడితే చివరికి కత్తిరించేదీ అంటించేదీ టీచరే, పిల్లలు చూస్తూ కూర్చుంటారు.

వాతావరణం చార్టు కొన్నది వద్దు, మంచు బొమ్మ మనకి దండగ. అయిదు బొమ్మలు మీరే గీయండి: ఎండ, మబ్బు, వాన, ఉక్కపోత, పొగమంచు. పొగమంచు కార్డు డిసెంబరు, జనవరిలో తప్ప బయటికి తీయొద్దు.

మంగళగిరి_మాస్టారు
ఉక్కపోతని బొమ్మలో చూపించడం కష్టం. దానికి రెండు చేతిరుమాళ్ళ ఆట ఉంది. ఒకే బట్టలోంచి రెండు ముక్కలు కత్తిరించి, ఒకే గిన్నెలో ముంచి, పిల్లల చేతే పిండించి, ఒకటి గదిలో మూలన, ఒకటి వరండాలో గాలి తగిలేచోట ఆరేయండి. టిఫిను అయ్యాక బుగ్గకి ఆనించి చూడమనండి. ఎండ రోజున బయటది ఎండిపోయి ఉంటుంది. ఉక్క రోజున రెండూ తడిగానే ఉంటాయి, ఎందుకంటే గాలిలోనే తేమ నిండుగా ఉంది, బట్టలోది ఎక్కడికి పోతుంది? అప్పుడు ఉక్కపోత కార్డు పెట్టిస్తే అర్థమై పెడతారు. ఒక్క జాగ్రత్త, గదిలో రుమాలు ఫ్యాను కింద పడకూడదు. ఫ్యాను గాలికి అదే ముందు ఆరిపోతే ఆట తిరగబడుతుంది.

వానని కొలవడం కూడా చెప్తాను. లీటరు నీళ్ళ సీసా పై భాగం కోసి, తలకిందులు చేసి గరాటులా అందులోనే పెట్టండి. సీసా అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి ముందు గులకరాళ్ళు వేసి, అవి మునిగేదాకా నీళ్ళు పోసి, అక్కడ నల్ల టేపు అంటించండి. అదే సున్నా గీత. అక్కణ్ణుంచి వేలెడు వేలెడు ఎడంగా పసుపు, ఆకుపచ్చ, ఎరుపు టేపులు. ఎల్‌కేజీకి మిల్లీమీటర్లు అక్కర్లేదు, "ఇవాళ ఆకుపచ్చ దాకా వచ్చింది" చాలు. వాతావరణ శాఖ వాళ్ళు ఉదయం 8:30కి చూసి రాస్తారు, మనం రోజూ 9 గంటలకి చూద్దాం. గోడ పక్కన, చెట్టు కింద పెట్టొద్దు, చూరు నీళ్ళు పడి లెక్క తప్పుతుంది. కోసిన అంచుకి టేపు చుట్టండి, లేకపోతే వేళ్ళు తెగుతాయి.

తెనాలి_అంగన్‌వాడీ
చూసిన వెంటనే సున్నా గీత దాకా ఒంపేయండి మాస్టారూ. సెలవులొస్తే మొత్తం ఒంపి బోర్లించాలి. డెంగీ దోమకి ఆ కాస్త నీళ్ళు చాలు, వారం పదిరోజుల్లో గుడ్డు దోమైపోతుంది.

జూన్, జూలైకి నీళ్ళ తొట్టే పెద్ద ఆట. ఒక తొట్టికి నలుగురే. నీళ్ళు 5 సెంటీమీటర్లు మించొద్దు, పెద్దవాళ్ళు చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉండాలి, ఆట కాగానే తొట్టి ఖాళీ చేయాలి. అంత తక్కువ నీళ్ళలో కూడా చంటిపిల్లలు మునిగిన సందర్భాలున్నాయి. తొట్టి నింపి "ఒక్క నిమిషం" అని లోపలికి పోవడం అసలు కుదరదు. చెంచా, చిల్లుల గరిటె, కొబ్బరిచిప్ప, స్పాంజి ముక్క, రాయి, మట్టి ప్రమిద వేయండి. ప్రమిద నిటారుగా పెడితే తేలుతుంది, ఒరిగి నీళ్ళు నిండితే మునుగుతుంది. దానితోనే అరగంట ఆడతారు.

కాగితం పడవలకి న్యూస్‌పేపరు ఇట్టే నానిపోతుంది. నోటుబుక్కు కాగితానికి రెండు పక్కలా మైనం క్రేయాన్ గట్టిగా రుద్ది మడవండి, ఎక్కువసేపు నిలుస్తుంది. రుద్దడం కూడా చేతికి మంచి పనే.

మొలకల విషయం. ధనియాలు పెట్టకండి, రెండుగా నలిపి వేసినా మొలకెత్తడానికి వారం పైనే పడుతుంది, ఈలోగా పిల్లలకి ఆసక్తి చచ్చిపోతుంది. పెసలు రాత్రి నానబెట్టి తడిగుడ్డలో మూటగడితే మర్నాటికి తోక కనపడుతుంది. మెంతులు రెండు మూడు రోజులు. దూది నొక్కితే నీళ్ళు కారకూడదు. కారిందంటే గింజ కుళ్ళి వాసన వస్తుంది. పిల్లలు మగ్గుతో పోస్తారు కాబట్టి వాళ్ళ చేతికి చెంచా మాత్రమే ఇవ్వండి. ఆ మొలకలు పచ్చివి తినిపించకండి, అందరి చేతులూ పడి ఉంటాయి.

బ్రాడీపేట_అమ్మ
మా బాబుకి మూడు ఇంకా నిండలేదు, దొరికిందల్లా నోట్లోకే. గింజలతో ఆటలంటే భయంగా ఉందండి.

పటమట_ప్లేస్కూల్
భయపడటం న్యాయమేనండి. నోట్లో పెట్టుకునే పిల్లలున్న గదిలో విడి గింజలు వద్దు. సుమారు 3.2 సెంటీమీటర్ల గొట్టంలో దూరిపోయే ఏ వస్తువైనా మూడేళ్ళలోపు వాళ్ళ గొంతుకి అడ్డం పడగలదు, బొమ్మల పరీక్షలకి వాడే కొలత అదే. గింజలు కావాలంటే గట్టి సీసాలో వేసి, మూత అంటించి, గిలకలా ఇవ్వండి. కందిపప్పు సీసా, రాళ్ళుప్పు సీసా, బియ్యం సీసా, చప్పుడు బట్టి జత కలపమనండి.

పెద్ద పిల్లలకైనా ఇవ్వకూడనివి ఉన్నాయి: గురివింద గింజలు, ఆముదం గింజలు, పచ్చగన్నేరు కాయలు. మూడూ విషమే. గురివింద చూడ్డానికి ముద్దుగా ఉంటుందని పూర్వం బడుల్లో లెక్కలకి వాడేవారు. నమిలితే ప్రాణం మీదకి వస్తుంది. చింతపిక్కలు విషం కాదు గానీ ముక్కులో, చెవిలో దూర్చుకుంటారు, ఎల్‌కేజీ చివరిదాకా ఆగండి.

కొత్తపేట_గుంటూరు
పిండి ముద్ద సంగతి ఎవరూ ఎత్తలేదు. వానాకాలంలో అందరికీ వచ్చే బాధ: "నిన్న బాగానే ఉంది, ఇవాళ జిగురై చేతికి అంటుకుంటోంది". ఉప్పు గాలిలో తేమ పీల్చుకుంటుంది, అదీ కారణం. పచ్చి పిండిలో ఉప్పు సగానికి సగం వేసేవాళ్ళకి జూలైలో ఇది తప్పదు. ఉడికించిన ముద్ద చేయండి:

మైదా 1 కప్పు, ఉప్పు పావు కప్పు, నీళ్ళు 1 కప్పు, నిమ్మరసం 2 టీస్పూన్లు, నూనె 1 టేబుల్ స్పూను. అన్నీ చల్లగా ఉన్నప్పుడే ఉండల్లేకుండా కలిపి, సన్నసెగ మీద తిప్పుతూ ఉంటే నాలుగైదు నిమిషాల్లో గిన్నె వదిలి ముద్దకడుతుంది. మెరుపు పోయి మందంగా కనపడగానే దించేయాలి. తొందరపడి ముందే దించితే మర్నాడు బంకే. గోరువెచ్చగా ఉన్నప్పుడు చేతికి నూనె రాసుకుని మర్దించండి. ఆరుగురికి సరిపోతుంది. గాలి దూరని డబ్బాలో పెట్టి, సాయంత్రం ఫ్రిజ్‌లో పెడితే వారం వస్తుంది. వాసన మారినా, చుక్కలు కనపడినా పారేయడమే. రంగుకి పసుపు వాడితే బట్టలకి అంటుతుంది, బీట్‌రూట్ రసం వేస్తే అంత మేరకు నీళ్ళు తగ్గించాలి. బియ్యప్పిండితో మాత్రం సాగదు, పొడిపొడిగా విరుగుతుంది. గోధుమ పడని పిల్లలుంటే పిండి జోలికి పోక బంకమట్టి ఇవ్వండి.

అంటించడానికి మైదా జిగురు చేసేవాళ్ళకి ఇంకో మాట. 2 చెంచాల మైదా అర కప్పు చన్నీళ్ళలో కలిపి, అప్పుడు మరుగుతున్న కప్పు నీళ్ళలో పోయాలి. పొడి మైదా నేరుగా వేస్తే ఉండలు. పురుగు పట్టకుండా పోస్టర్లు అంటించేవాళ్ళు మైలుతుత్తం కలుపుతారు. బడిలో అది చిటికెడు కూడా వద్దు, విషం. ఏ రోజు జిగురు ఆ రోజే చేసుకోవాలి.

సింగ్‌నగర్_టీచర్
వాన ఆటల గురించి ఒక జాగ్రత్త. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద చూసిన ఇళ్ళ పిల్లలు ఇంకా చిన్న తరగతుల్లోనే ఉన్నారు. కొందరు ఉరుము వినగానే బల్ల కిందికి పోతారు, కొందరు తొట్టిలో బొమ్మల్ని అదేపనిగా ముంచి తీస్తుంటారు. ముంచేవాళ్ళని ఆపకండి, "అయ్యో అలా చేయకూడదు" అనకండి. పక్కన ఒక పడవ, తాడు పెట్టి ఊరుకోండి. బొమ్మని ఎక్కించాలనిపిస్తే వాళ్ళే ఎక్కిస్తారు. నీళ్ళ దగ్గరికి రానంటే ఆ వారం వాడికి వేరే ట్రే ఇవ్వండి, బలవంతం వద్దు.

బెంజిసర్కిల్_నర్సరీ
చాలా ఉపయోగంగా ఉందండి. వినాయక చవితికి మట్టి ఎంత తెప్పించాలి? పోయినసారి బొమ్మలన్నీ పగిలాయని పేరెంట్స్ ఫిర్యాదు. పత్రి కూడా చూపించాలని ఉంది.

కొత్తపేట_గుంటూరు
మనిషికి 200 గ్రాముల తడి మట్టి. 22 మందికి 4.4 కిలోలు, చేతికీ నేలకీ పోయేది కలుపుకుని 5 కిలోలు. కుమ్మరి దగ్గర జల్లించిన మట్టే అడగండి, చెరువు మట్టైతే గాజుపెంకులు వస్తాయి. పెన్సిలంత లావు తాడులా చేసి వేలికి చుట్టి చూడండి. పగిలితే నీళ్ళు తక్కువ, వేలికి అంటితే ఎక్కువ.

పగలడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: లావుపాటి పొట్ట, ఎండలో ఆరబెట్టడం. పైన ముందు ఆరి కుంచించుకుంటుంది, లోపల తడి అలాగే ఉంటుంది, మధ్యలో చీలుతుంది. బొటనవేలి కంటే లావు ఎక్కడా ఉండనీయొద్దు. పొట్టని చిన్న గిన్నెలా చేసి బోర్లించమనండి. తొండం ఊడటం వేరే సంగతి. ఊరికే నొక్కితే ఆరాక ఊడుతుంది. రెండువైపులా పుల్లతో గీతలు గీసి, నీళ్ళ మట్టి పూసి అతికించాలి. మొదటి రోజు తడిగుడ్డ కప్పి, తర్వాత మూడు నాలుగు రోజులు నీడలో, రోజుకోసారి తిప్పుతూ.

నిమజ్జనం బకెట్లో చేయించండి, కానీ బాగా ఆరిన బొమ్మతోనే. ఎండిన మట్టి నీళ్ళు పీల్చి బుడగలు వదులుతూ కళ్ళ ముందే పొరలు పొరలుగా విరిగిపోతుంది. పచ్చిగా ఉన్నది అలాగే ముద్దలా కూర్చుంటుంది, పిల్లలు విసుగెత్తి పోతారు. ఆ నీళ్ళు సింకులో పోయకండి, పైపు పూడుకుపోతుంది. మొక్కలకి పోయండి.

తెనాలి_అంగన్‌వాడీ
పత్రి 21 రకాలూ బడికి తేవొద్దు. ఆ జాబితాలో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు ఉన్నాయి. మొదటి రెండూ విషం, జిల్లేడు పాలు కంట్లో పడితే పెద్ద ప్రమాదం. రేగు, జమ్మి, వాకుడు కొమ్మలకి ముళ్ళు. పూజకి అన్నీ ఇంట్లో ఉంటాయి, గదిలో ఆరు చాలు: గరిక, మామిడి, రావి, మారేడు, తులసి, మరువం. మారేడు దళాలు కొమ్మ నుంచి కోసి ఇవ్వండి, కొమ్మకి ముల్లుంటుంది.

ఒక్కో ఆకుకీ ఒక్కో పని. గరిక పొడవు చూసి వరసపెట్టడానికి. మారేడులో మూడు ఆకులు లెక్కబెట్టడానికి. తులసి, మరువం కళ్ళు మూసుకుని వాసన పట్టడానికి. రావి ఆకుకి తోక ఉంటుంది, మామిడికి ఉండదు, అది జత కలపడానికి. రావి ఆకు వెనకవైపు ఈనెలు ఉబ్బెత్తుగా ఉంటాయి కాబట్టి అచ్చుకి అదే బాగుంటుంది. రంగు గిన్నెలో ముంచొద్దు, స్పాంజి మీద రంగు పోసి దాని మీద అద్దాలి. బెండకాయ అచ్చులు వేసేవాళ్ళు కోసిన ముక్కల్ని పది నిమిషాలు ఆరనివ్వండి, ఆ జిగట మీద రంగు నిలవదు.

మంగళగిరి_మాస్టారు
దసరాకి మూడు మెట్ల బొమ్మల కొలువు పెడితే నెలరోజులు పని జరుగుతుంది. అట్టపెట్టెలు మెట్లుగా వేసి పంచె కప్పండి. పెద్దవి ఏ మెట్టు, చిన్నవి ఏ మెట్టు, ఎద్దుబండి పక్కన ఎవరు ఉండాలి, ఇవన్నీ వాళ్ళనే తేల్చనివ్వండి. కొండపల్లి బొమ్మ ఒకటి ఉంటే మిగతావాటితో బరువు పోల్చమనండి. తెల్ల పొణికి కర్ర అంత తేలిక కాబట్టి పిల్లలు ఆశ్చర్యపోతారు. భాగాలు చింతగింజల పిండి, రంపపు పొట్టు ముద్దతో అతికిస్తారు, కిందపడితే చేతులూ తొండాలూ ముందు ఊడతాయి. దాన్ని టీచరు పట్టుకుని చూపించడమే మేలు.

గుణదల_యూకేజీ
ఇదంతా బానే ఉంది గానీ, పేరెంట్స్‌కి వర్క్‌షీటు కనపడకపోతే "ఏం చెప్తున్నారు బడిలో" అంటారు. దానికేం చేస్తారు?

పటమట_ప్లేస్కూల్
శుక్రవారం డైరీలో రెండు వాక్యాలు రాయండి: "ఈ వారం పత్రి ఆకుల్ని పొడవు ప్రకారం వరస పెట్టాం. ఇంట్లో చెంచాలతో చేయించండి." పూర్తయిన క్రాఫ్ట్ పంపడం కంటే ఇది నయం. వర్క్‌షీటు వారానికి ఒకటి, అది కూడా ఆ వస్తువు చేతిలో ఆడిన తర్వాతే. కేంద్రం 2023 ఫిబ్రవరిలో విడుదల చేసిన జాదూయీ పిటారా పెట్టె కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ళ వాళ్ళకి బొమ్మలు, ఆటలు, పజిళ్ళే. మీటింగులో ఆ మాట చెప్తే సగంమంది ఊరుకుంటారు. మిగతా సగం ఎప్పటికీ ఊరుకోరు, అది వేరే సంగతి.

కొత్తపేట_గుంటూరు
సంక్రాంతి. ముగ్గురాయి పొడి, రంగుల పొడులు నర్సరీ గదిలోకి రానివ్వకండి, కళ్ళలోకీ ముక్కులోకీ పోతాయి. స్టీలు పళ్ళెంలో నల్ల కాగితం పరిచి, అర సెంటీమీటరు మందంగా ఇడ్లీ రవ్వ పోయండి. వేలితో గీస్తే గీత నల్లగా కనపడుతుంది, పళ్ళెం ఊపితే చెరిగిపోతుంది. బియ్యప్పిండి కంటే రవ్వ మేలు, గాలికి లేవదు. సాయంత్రం డబ్బాలో పోసి మూత పెట్టండి, వదిలేస్తే చీమలు.

చుక్కల ముగ్గు ఎల్‌కేజీకి మూడు చుక్కలు మూడు వరసలు చాలు. ముందు సుద్దముక్కతో నేల మీద అరచేయంత ఎడంగా చుక్కలు పెట్టి, ఒక్కో చుక్క మీద ఒక్కో బంతిపువ్వు పెట్టించండి. లెక్క అక్కడే వస్తుంది. చుక్కలు కలపడం తర్వాత వారం.

బడిలో భోగిపళ్ళు పోస్తే పూలరేకులు మాత్రమే. రేగుపళ్ళు, శనగలు, చిల్లర నాణేలు వద్దు. కింద పడ్డవి ఏరుకుని నోట్లో పెట్టేసుకుంటారు, 20 మందిలో ఎవరు ఏం మింగారో చూడలేం.

బ్రాడీపేట_అమ్మ
చలికాలంలో ఉప్పలపాడు పక్షుల్ని చూపించడానికి తీసుకెళ్ళొచ్చా ఇంత చిన్నవాళ్ళని?

కొత్తపేట_గుంటూరు
గుంటూరు నుంచి దగ్గరే కాబట్టి ఉదయం వెళ్ళి టిఫిను టైముకి తిరిగి రావచ్చు. రెండు పక్షులే చెప్పండి: ముక్కు కింద సంచి ఉన్న గూడబాతు, పసుపు ముక్కు ఉన్న ఎర్రకాళ్ళ కొంగ. ముందు వారమంతా ఆ రెండు బొమ్మలే గదిలో ఉంచండి. పది పేర్లు చెప్తే ఒక్కటీ గుర్తుండదు. బైనాక్యులర్లు చిన్నవాళ్ళకి కుదరవు, అట్టగొట్టం ఇస్తే చూపు ఒకచోట నిలుస్తుంది. చెరువు గట్టు కాబట్టి నలుగురికి ఒక పెద్దమనిషి ఉంటేనే వెళ్ళండి.

మంగళగిరి_మాస్టారు
మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు. ఆ ఒక్కసారి మాత్రం వరస తిరగేయాలి, బయటి ఆట మొట్టమొదటే. జారుడుబండ రేకుదైతే ముందు మీ అరచెయ్యి ఆనించి చూసి అప్పుడు ఎక్కించండి. పదింటికల్లా అందరూ లోపల ఉండాలి, గంటకోసారి నీళ్ళ బెల్లు. ఉగాది పచ్చడికి ఆరు గిన్నెల్లో విడివిడిగా రుచి చూపించండి: బెల్లం, ఉప్పు, చింతపండు రసం, మామిడి తురుము, వేపపూత, చిటికెడు మిరియాల పొడి. తలో చెంచా వేరు, గిన్నెలోకి ఎంగిలి చెంచా పోకూడదు. ముఖం బొమ్మల కార్డులు ఇచ్చి ఏ రుచికి ఏ ముఖమో పెట్టమనండి. వేపపూత చివర్న ఇవ్వండి. ముందే ఇస్తే ఆ తర్వాత ఎవరూ నోరు తెరవరు.

తెనాలి_అంగన్‌వాడీ
ఏప్రిల్లో ముంజకాయ బండి మర్చిపోకండి! ముంజలు తీసేసిన బుర్రలు అమ్మేవాళ్ళు ఊరికే ఇస్తారు.

బెంజిసర్కిల్_నర్సరీ
అది ఎలా చేయాలో కొలతలతో చెప్తారా అక్కా? యూట్యూబ్‌లో చూసి చేస్తే బుర్ర చీలిపోయింది.

తెనాలి_అంగన్‌వాడీ
చీలిందంటే బుర్ర వాడిపోయి ఉండాలి, లేదా చిల్లు అంచుకి దగ్గరగా పడి ఉండాలి. ఆ రోజు కొట్టినవే తెచ్చుకోండి. ఒకే సైజువి రెండు, లేకపోతే బండి ఒకపక్కకే తిరుగుతుంది. లోపల కడిగి తుడవండి, తీపికి చీమలూ ఈగలూ వస్తాయి. పీచు రసం బట్టకి పడితే మరక పోదు, పాత యాప్రాను వేయండి.

ఇరుసు కర్ర 30 సెంటీమీటర్లు, చిటికెనవేలంత లావు. చిల్లు పెద్దవాళ్ళే పెట్టాలి. నడిమధ్య సన్నటి మేకుతో మొదలుపెట్టి, తిప్పుతూ కొద్దికొద్దిగా వెడల్పు చేయాలి. సుత్తితో ఒక్క దెబ్బలో దించితే పీచు వెంబడి చీలుతుంది. ఇరుసు బుర్రలో బిగుతుగా ఉండాలి, చక్రాలతో పాటు ఇరుసే తిరుగుతుంది. తోసే పంగల కర్ర నాలుగేళ్ళ వాళ్ళకి 80 నుంచి 90 సెంటీమీటర్లు. పంగ ఇరుసు మీద ఊరికే ఆనాలి, కట్టేయకూడదు, కడితే తిరగదు. పంగ కొసలు నున్నగా చెక్కి గుడ్డ చుట్టండి. రెండు మూడు రోజులకి బుర్ర ఎండి చిల్లు వదులవుతుంది, అప్పుడు ఇరుసుకి గుడ్డపీలిక చుట్టి మళ్ళీ దూర్చండి. అయిదుగురికి ఒక బండి లెక్కన చేయండి, సుద్దతో రెండు గీతల దారి గీసి ఒకరి వెనక ఒకరు తోయాలి. ఎదురెదురుగా మాత్రం తోయనివ్వకండి.

గుణదల_యూకేజీ
నర్సరీ వాళ్ళకి పంగల కర్ర ఇవ్వొచ్చా?

తెనాలి_అంగన్‌వాడీ
వద్దండి. వాళ్ళకి ఇరుసు తిరిగేలా తాడుని వదులుగా ఉచ్చులా వేసి లాగనివ్వండి. తాడు 30 సెంటీమీటర్లు మించకూడదు, మెడకి చుట్టుకుంటుంది.